గుర్రం ఇక్కడ... ట్రాయ్ అక్కడ!

సినిమా కోసం చేసిన గుర్రం దగ్గర ఫొటోలకు జనం పోటీ పడతారు. ముప్ఫై కిలోమీటర్ల అవతల అసలు ఊరు మాత్రం పొలాల మధ్య రాళ్లదిబ్బలా కనిపిస్తుంది. టర్కీలోని ట్రాయ్‌కి వెళితే రెండూ చూడాల్సిందే. ఎందుకంటే ఆ ఊరిని బతికించిందీ కథే, గాయపరిచిందీ కథే!

సాయంత్రం అయిదవుతోంది. చనక్కలే పట్నంలో సముద్రపు గట్టున నిలబడ్డాం. ఎదురుగా డార్డనెల్స్ జలసంధి. అవతలి ఒడ్డు యూరప్, మేమున్నది ఆసియా. మధ్యలో పెద్ద పెద్ద ఓడలు తాపీగా సాగిపోతున్నాయి. కానీ గట్టు మీదున్న ఎవరి చూపూ ఓడల మీద లేదు. అందరూ అటు వీపు పెట్టి నిలబడ్డారు. వాళ్ల కళ్లన్నీ గుర్రం మీదే!

మూడు నాలుగంతస్తుల మేడంత ఎత్తు. కాలిపోయిన ఓడ పలకల్ని ఏరుకొచ్చి తాళ్లతో బిగించి కట్టినట్టు నల్లగా, మొరటుగా ఉంది. 2004లో వచ్చిన 'ట్రాయ్' సినిమాలో గ్రీకు సైనికులు దాక్కున్నది ఈ గుర్రంలోనే. షూటింగ్ అయ్యాక నిర్మాణ సంస్థ దాన్ని ఈ పట్నానికి కానుకగా ఇచ్చింది. అప్పటి నుంచి చనక్కలేకి ఇదే గుర్తు. 'ఎక్కడ కలుద్దాం?' అంటే 'గుర్రం దగ్గర' అనుకునేంతగా!

ఇంటర్ చదివే రోజుల్లో హైదరాబాద్‌లో ఆ సినిమా చూశాను. అకిలిస్‌గా బ్రాడ్ పిట్, హెక్టర్‌గా ఎరిక్ బానా. ఇద్దరూ కోట గోడ ముందు తలపడుతుంటే హాల్లో ఈలలే ఈలలు. ట్రాయ్ అనగానే నా కళ్ల ముందు మెదిలేది ఆ ఎత్తయిన గోడలే. మర్నాడు ఆ గోడలు చూడబోతున్నానన్న సంబరంతో ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

ట్రాయ్‌లో తీయని 'ట్రాయ్'

అన్నట్టు, ఆ సినిమాలో ఒక్క సన్నివేశమూ ట్రాయ్‌లో తీయలేదు. కోట మాల్టా ద్వీపంలో వెలిసింది. యుద్ధాలు మెక్సికో సముద్ర తీరంలో జరిగాయి. 2018లో బుల్లితెర కోసం తీసిన 'ట్రాయ్: ఫాల్ ఆఫ్ ఎ సిటీ'కి దక్షిణాఫ్రికాలో సెట్లు వేశారు. 1956 నాటి 'హెలెన్ ఆఫ్ ట్రాయ్' రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో తయారైంది. వెండితెర మీద ట్రాయ్ ప్రపంచమంతా తిరిగింది, సొంతూరుకు మాత్రం రాలేదు!

కథలోనూ మార్పులు చాలానే ఉన్నాయి. సినిమాలో అకిలిస్ గుర్రంలోంచి దిగి కోటలోకి చొరబడతాడు. పాత కథల ప్రకారం గుర్రం తయారయ్యే నాటికే అతను చనిపోయాడు. పదేళ్ల యుద్ధం తెర మీద కొద్ది రోజుల్లో ముగిసిపోతుంది. అసలు విచిత్రం మరొకటుంది. హోమర్ రాసిన 'ఇలియడ్'లో గుర్రమే కనిపించదు! ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. గుర్రం ప్రస్తావన 'ఒడిస్సీ'లో కొద్దిగా వస్తుంది. దాని కథను వివరంగా చెప్పింది రోమన్ కవి వర్జిల్, తన 'ఈనీడ్'లో. అంటే మనం సినిమా వాళ్లను తప్పుపట్టేలోపే కథ చాలా చేతులు మారిందన్నమాట.

గాలి హోరు... రాళ్ల బారు

మర్నాడు పొద్దున్నే వ్యానెక్కాం. పొలాలు, టమాటా తోటలు దాటుకుంటూ తెవ్‌ఫికియే అనే చిన్న పల్లె చేరాం. దాని పక్కనే హిసార్లిక్ దిబ్బ. ఇదే ట్రాయ్! దిగగానే గాలి చెవుల్లో హోరుమంది. హోమర్ ఈ ఊరిని 'గాలుల ట్రాయ్' అని ఊరికే అనలేదు.

ఇక్కడా ఓ గుర్రం ఉంది. 1975లో సందర్శకుల కోసం చెక్కతో కట్టించారు. లోపలికెక్కి కిటికీల్లోంచి తొంగిచూసే ఏర్పాటుంది. అది దాటితే... రాళ్లు. కొన్నిచోట్ల మోకాలెత్తు, కొన్నిచోట్ల నిలువెత్తు. మధ్యలో చెక్కబాట, నంబర్లు రాసిన బోర్డులు. మాతో వచ్చిన ఓ యువకుడు చుట్టూ చూసి 'ఇంతేనా?' అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. ఈ ఊరి కోసమా పదేళ్ల యుద్ధం? ఈ గోడలేనా మాల్టాలో ఆకాశాన్నంటినవి?

కాస్త నిదానంగా తిరిగితే అప్పుడు తెలుస్తుంది. ఇది ఒక ఊరు కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న తొమ్మిది ఊళ్లు! మన పల్లెల్లో పాటిదిబ్బ అంటామే, అలాంటిదే. మట్టి ఇళ్లు కూలితే చదును చేసి పైన కొత్తవి కట్టుకున్నారు. కాలిపోతే ఆ బూడిద మీదే మళ్లీ కట్టారు. క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచి రోమన్ల కాలం దాకా ఇదే వరస. పరిశోధకులు వాటికి ఒకటి నుంచి తొమ్మిది వరకూ నంబర్లిచ్చారు. ఆరో ట్రాయ్ గోడలు చూస్తే మాత్రం గౌరవం కలుగుతుంది. సున్నపురాతి దిమ్మెల్ని లోపలికి వాలుగా, సందు లేకుండా పేర్చారు. మూడు వేల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. క్రీ.పూ. 1180 ప్రాంతంలో మంటల్లో నాశనమైన ఏడో ట్రాయ్ తొలిదశే హోమర్ కథకు ఆధారమై ఉండొచ్చని చాలామంది పరిశోధకుల అంచనా.

దిబ్బ అంచున నిలబడితే కింద పచ్చటి మైదానం. ఒకప్పుడు అదంతా సముద్రమే. నది తెచ్చిన ఒండ్రు పేరుకుని తీరం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. గ్రీకుల ఓడలు ఆగాయని చెప్పే చోట ఇప్పుడు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.

ప్రేమతో తవ్విన గొయ్యి

చెక్కబాట మీద నడుస్తుంటే ఉన్నట్టుండి ఓ పెద్ద లోయ అడ్డొస్తుంది. దిబ్బను కత్తితో కోసినట్టు, దాదాపు 17 మీటర్ల లోతున ఉంటుంది. అది శత్రువుల పని కాదు. ట్రాయ్‌ని అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనిషి చేసిన పని!

హైన్రిష్ ష్లీమన్ జర్మన్ వ్యాపారి. బాగా సంపాదించాక హోమర్ మీద పిచ్చితో ట్రాయ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. ఈ దిబ్బే ట్రాయ్ అని అతనికి నచ్చజెప్పింది ఇక్కడే ఉండే ఫ్రాంక్ కాల్వర్ట్. దిబ్బలో కొంత భాగం అతని సొంతం, ముందుగా తవ్వి చూసిందీ అతనే. పేరు మాత్రం ష్లీమన్‌కే వచ్చింది. ట్రాయ్ అట్టడుగున ఉంటుందన్న నమ్మకంతో 1870 నుంచి పైపొరల్ని తవ్వి అవతల పారేయించాడు. 1873లో రెండో పొరలో బంగారం బయటపడింది. 'ప్రియామ్ మహారాజు నిధి దొరికింది!' అని ప్రపంచానికి చాటాడు.

తర్వాత తేలిందేమిటంటే, ఆ నిధి ప్రియామ్ కాలం కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. అతను వెతుకుతున్న ఊరు పైపొరల్లోనే ఉంది. కొంత మేర అతని గడ్డపారలే దాన్ని తవ్వి పోశాయి!

తప్పంతా ష్లీమన్‌ దేనా అంటే, అదీ కాదు. అతనికి రెండు వేల ఏళ్ల ముందే గ్రీకులు, ఆ తర్వాత రోమన్లు ఇదే దిబ్బ మీద ఎథీనాకు గుడి కట్టారు. కట్టింది హోమర్ చెప్పిన పవిత్రస్థలమన్న భక్తితోనే. కానీ అందుకోసం దిబ్బ నెత్తిని చదును చేసి, పాత కోట నడిభాగాన్ని తొలగించేశారు. కథ మీది ప్రేమ, ఆ కథ పుట్టిన చోటును రెండుసార్లు చెరిపేసిందన్నమాట.

బంగారం ఎక్కడ?

దిబ్బకు దగ్గర్లోనే ట్రాయ్ మ్యూజియం ఉంది. 2018లో తెరిచారు. తుప్పు రంగులో, భూమిలోంచి తవ్వి తీసినట్టుండే పేద్ద పెట్టెలాంటి భవనం. లోపల కుండలు, శిల్పాలు, శిలాశాసనాలు. కానీ ష్లీమన్ నిధి? అది ఇక్కడ లేదు.

దాన్ని అతను దొంగచాటుగా ఏథెన్స్ చేర్చాడు. తన భార్య సోఫియా శాలువాలో దాచి తెచ్చిందని సినిమా కథలా రాసుకున్నాడు. ఆ సమయంలో ఆమె ఏథెన్స్‌లోనే ఉందని ఆ తర్వాత బయటపడింది! ఒట్టోమన్ ప్రభుత్వం కోర్టుకెక్కితే 50 వేల ఫ్రాంకులు కట్టి బయటపడ్డాడు. 1881లో నిధిని జర్మనీకి కానుకగా ఇచ్చాడు. 1945లో సోవియట్ సైన్యం బెర్లిన్ నుంచి దాన్ని పట్టుకుపోయింది. తర్వాత దశాబ్దాల పాటు దాని జాడే లేదు. 1996లో మాస్కో పుష్కిన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. 16 వేలకు పైగా చిన్న చిన్న బంగారు ముక్కలతో చేసిన తలపట్టం అందులోనిదే.

అయితే ఓ అద్దాల అరలో కాసిని బంగారు నగలు మెరుస్తూ కనిపిస్తాయి. అవి అమెరికాలోని పెన్ మ్యూజియం 1966లో కొన్నవి. మొత్తం 24. 2012లో కుదిరిన ఒప్పందంతో టర్కీకి చేరాయి. ఆ అర ముందు మేం చాలాసేపే నిలబడ్డాం. హెలెన్ పెట్టుకున్నవి కావు అవి. పేరు తెలియని ఏ ఆడపడుచువో! అయినా ఆమె నిజంగా బతికింది. హెలెన్ గురించి ఆ మాట చెప్పలేం.

అలెగ్జాండరూ టూరిస్టే!

సినిమా చూసి ఊరు చూడ్డానికి వచ్చామని మొదట్లో కాస్త సిగ్గనిపించింది. కానీ ఈ దిబ్బ చరిత్ర తెలిశాక ఆ సిగ్గు పోయింది. క్రీ.పూ. 334లో అలెగ్జాండర్ వచ్చిందీ హోమర్ కథ విన్న మోజుతోనే. అకిలిస్ సమాధి అని చూపించిన చోట పూలమాల వేశాడు. పారిస్ వాయించిన వీణ చూపిస్తామని స్థానికులు అంటే, నాకు అకిలిస్‌ది కావాలి అన్నాడట. అంటే ఆ రోజుల్లోనే ఇక్కడ గైడ్లున్నారు! జూలియస్ సీజర్ వంశం వాళ్లయితే తమ మూలపురుషుడు ట్రాయ్ నుంచి వచ్చిన ఈనియస్ అని చెప్పుకున్నారు.

భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాలకూ వెళతారు. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటూ రాళ్ల మీది చారలు చూపిస్తే వంగి తాకి కళ్లకద్దుకుంటారు. ఎవరూ అక్కడ ఆధారాలు అడగరు. కథను కాసేపు కాళ్ల కింద నేలగా మార్చుకోవాలన్న ఆశ అది. అలెగ్జాండర్‌దీ అదే ఆశ, మాదీ అదే. ష్లీమన్‌దీ అదే. కాకపోతే అతని చేతిలో గడ్డపార ఉంది!

మీరూ వెళితే ఒక్క మాట. ముందు మ్యూజియం చూడండి, తర్వాతే దిబ్బ ఎక్కండి. ఏ పొర ఏ కాలానిదో తెలిస్తే రాళ్లు మాట్లాడతాయి. లేదంటే 'ఇంతేనా?' అనే మాటే మిగులుతుంది.

సాయంత్రానికి తిరిగి చనక్కలే చేరాం. గుర్రం చుట్టూ మళ్లీ అదే సందడి. పొద్దున 'ఇంతేనా' అన్న యువకుడు ఫొటోకు నిలబడలేదు. గుర్రం కాళ్ల దగ్గర ఓ పాప, లోపల ఇంకా సైనికులున్నారేమోనని మెడ రిక్కించి చూస్తోంది. వాళ్ల నాన్న చెబుతున్న భాష నాకు అర్థం కాలేదు. కథ మాత్రం అర్థమైంది.