చెరువుకు పట్టికలో చోటు

ఇప్పటి క్యూజీఐఎస్‌ను అప్పట్లో క్వాంటమ్ జీఐఎస్ అనేవాళ్లం. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఆ మ్యాపుల సాఫ్ట్‌వేర్‌ పేరులోంచి 2013లో 2.0తో పాటు ‘క్వాంటమ్’ పోయింది. పేరు పోయినందుకు బెంగ లేదు. ఆ రోజుల్లో దాన్ని నేర్చుకున్న తీరు మీదే నా మనసు.

శిక్షణలో మొదటి పూటంతా డేటాబేస్ కట్టడంతోనే సరిపోయేది. పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ డేటాబేస్ తెరిచి, దానికి మ్యాపు ఆకారాలు దాచే శక్తినిచ్చే పోస్ట్‌జీఐఎస్ ఎస్‌క్యూఎల్ ఫైళ్లు రెండూ చేత్తో ఎక్కించాలి. ఒకటి ఫంక్షన్లకు, రెండోది ప్రపంచంలోని కోఆర్డినేట్ పద్ధతులకు. అది ఎక్కుతుంటే నల్లటి తెర మీద వేల వరసలు పైకి జారిపోయేవి. ఆ పద్ధతుల్లో మాకు కావలసింది హైదరాబాద్‌కూ విజయవాడకూ సరిపోయే యూటీఎం 44 ఉత్తర మండలం, 32644.

తర్వాత చెరువుల పట్టిక. పేరు, నంబరు కాలమ్‌లు మామూలుగానే వచ్చేవి. ఆకారానికి మాత్రం ‘యాడ్ జామెట్రీ కాలమ్’ అనే ఫంక్షన్‌ను పిలిచి పట్టిక పేరు, కాలమ్ పేరు, 32644, పాలిగాన్, కొలతల సంఖ్య 2 అని వరసగా చెప్పాలి. అది కాలమ్ చేర్చి, వేరే కోఆర్డినేట్ పద్ధతి అందులోకి రాకుండా కట్టడి పెట్టి, ఆ సంగతంతా ‘జామెట్రీ కాలమ్స్’ అనే ఇంకో పట్టికలో రాసుకునేది. పుట్టిన బిడ్డ పేరు పంచాయతీ రిజిస్టర్లో ఎక్కించినట్టే. క్యూజీఐఎస్‌ను ఆ రిజిస్టర్లోనే వెతకమంటే, అక్కడ నమోదు కాని పట్టిక జాబితాలో కనబడేది కాదు. మ్యాప్ అంటే బొమ్మ కాదు, లెక్క ఉన్న వస్తువని నాకు అక్కడే తెలిసింది.

మ్యాపు డేటాను షేప్‌ఫైల్ అనే ఫైలుగా తెచ్చుకున్నవాళ్లకు స్పిట్ అనే ప్లగిన్ ఉండేది, పోస్ట్‌జీఐఎస్‌లోకి ఎక్కించడానికి. తెలుగుతో అసలు చిక్కు షేప్‌ఫైల్‌లోనే. కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. యూటీఎఫ్-8లో ‘చెరువు’ అన్న మాటకే పద్దెనిమిది కావాలి. అందుకే మన చెరువులన్నీ ఇంగ్లిష్ అక్షరాల కాలమ్‌ల కింద పడి ఉండేవి. 2018లో క్యూజీఐఎస్ 3.0 షేప్‌ఫైల్‌కు బదులు జియోప్యాకేజీ అనే ఫైలు రకాన్ని ముందుకు తెచ్చాక ఆ ఇరుకు తీరింది. ఆ మార్పు నాకు నిజంగా సంతోషం.

2012లో వచ్చిన పోస్ట్‌జీఐఎస్ 2.0తో జామెట్రీ కాలమ్స్ పట్టిక కాస్తా దానంతటదే నిండే వ్యూ అయింది. పోస్ట్‌జీఐఎస్‌ను డేటాబేస్‌కు పొడిగింపుగా చేర్చడానికి ఇప్పుడు ఒక్క లైను చాలు. స్పిట్ పోయింది, దాని పని డీబీ మేనేజర్ చేస్తోంది. యాడ్ జామెట్రీ కాలమ్ మాత్రం ఇంకా ఉంది. చివర ‘ఫాల్స్’ అని చేరిస్తే పాత పద్ధతిలోనే కట్టడులు పెడుతుంది. నేర్చుకోడానికి వచ్చినవాళ్ల చేత ఒక్క చెరువుకైనా అలా చేయిస్తాను.