నాలుగు పౌనుల మాంసము

గత వేసవి సెలవులలో, చార్లెసు రీడను ఆంగ్ల నవలాకారుడు 1856 లో ప్రకటించిన ‘ఇట్ ఈజ్ నెవర్ టూ లేట్ టు మెండ్’ అను గ్రంథమును చదివితిని. అందు వాగాడంబరము మెండు. నా విద్యార్థులచే చదివింతునని చెప్పజాలను. కాని అందు చెరసాలలో ప్రాణములు విడుచు బాలుని కథకు మూలము కల్పన కాదని తెలిసినది మొదలు నా మనస్సు కుదుటపడలేదు. ఆ బాలుని అసలు పేరు ఎడ్వర్డు ఆండ్రూసు. ఊరు బర్మింగుహాము. వయస్సు పదునైదేండ్లు. అపహరించినది నాలుగు పౌనుల మాంసము, అనగా మన తూనికలో రెండు కిలోలైనను లేదు. శిక్ష మూడు మాసముల చెర.

ఆ కాలమున బర్మింగుహాము ఇంకను నగరమనిపించుకొనలేదు. ఆ గౌరవము దానికి 1889 లో వచ్చినది. ఇత్తడి సామానులు, గుండీలు, కలముల పాళీలు, తుపాకులు చేసి లోకమునకంతకు పంపెడి పట్టణమది. ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలు కార్ఖానాలలో పనిచేయుచుండిరి. పని దొరకనివారు వీథుల పాలైరి. ఇత్తడి తునుక నొకదానిని జేబులో వేసికొనిన బాలునకు, ఎక్కడిదని అడుగక కొనెడి పాతసామాను వర్తకుడు సందు చివరనే యుండెను. దొంగిలించినవాడు న్యాయస్థానమెక్కును, కొన్నవాడు అంగడిలోనే కూర్చుండును. ఇది ఏ దేశమునకైనను క్రొత్త కాదు. పదునాలుగేండ్లకు మించని చిల్లరదొంగలను జూరీ లేకయే మేజిస్ట్రేటులు విచారించి మూడు మాసములవరకు చెరకు పంపుటకు 1847 నాటి చట్టము వీలు కల్పించెను. 1850 లో ఆ వయస్సును పదునారేండ్లకు పెంచిరి. విచారణకై పెద్ద నేరస్థుల నడుమ నిరీక్షించు బాధను పిల్లలకు తప్పించుటకే ఈ యేర్పాటు. దయతో చేసిన చట్టమే.

ఆండ్రూసు ప్రవేశించిన చెరసాలలో క్రాంకు అను యంత్రముండెను. ఒక పెట్టెకు అమర్చిన ఇనుప పిడి యది. దానిని త్రిప్పిన నీరు పైకి రాదు, గింజ నలుగదు. ఎన్ని చుట్లు తిరిగినదో లెక్క మాత్రము కనబడును. దినమునకు పదివేల చుట్లు: ఉదయపు ఆహారమునకు ముందు రెండువేలు, మధ్యాహ్న భోజనమునకు ముందు నాలుగువేలు, రాత్రికి ముందు నాలుగువేలు. లెక్క తగ్గిన భోజనము లేదు. రొట్టెయు నీళ్లును మాత్రమే. బాలుడు త్రిప్పలేకపోయెను. చేతులు కదలనీయని చొక్కా తొడిగి, మెడకు తోలుపట్టీ బిగించి, వానిని గోడకు కట్టి నిలువబెట్టిరి, నీళ్లు కుమ్మరించిరి. 1853 ఏప్రిలులో వాడు తన గదిలో ఉరివేసికొనెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. చెరసాలాధికారి లెఫ్టినెంటు ఆస్టిను 1855 లో శిక్షింపబడెను. ఆయనకు పడినదియు మూడు మాసములే.

నన్ను ఎక్కువగా కలచినది ఆస్టిను కాదు. అట్టివారు ఎక్కడనైనను ఉందురు. అదే పట్టణమున, అదే కాలమున, మాథ్యూ డావెన్‌పోర్టు హిల్లను న్యాయాధికారి యుండెను. ఆయన బడిపంతులు కుమారుడు. తపాలా సంస్కరణకు పేరొందిన రోలండు హిల్లు ఆయన తమ్ముడు. ఆ కుటుంబము నడపిన హేజిల్‌వుడ్డు పాఠశాలలో బెత్తము లేదు. తప్పుచేసిన బాలుని తోడిబాలుర న్యాయసభయే విచారించెడిది. 1839 లో రికార్డరు పదవికి వచ్చిన హిల్లు, బాగుపడునను ఆశ గల బాలుని చెరకు పంపక, తలిదండ్రులకో పని నేర్పు యజమానికో అప్పగించి, పేరు పుస్తకములో వ్రాయించి, నడవడిని గూర్చి అప్పుడప్పుడు విచారింపించుచుండెను. 1851 లో అచ్చటనే బాలాపరాధులను గూర్చి సభ జరిగెను. అందు ముఖ్యురాలు మేరీ కార్పెంటరు. రామమోహనరాయల నెరిగిన ఇంటి బిడ్డ, 1866 లో మన దేశమునకు వచ్చి స్త్రీవిద్యకై పాటుపడినది. వీరి కృషిచేతనే సంస్కారపాఠశాలల చట్టము 1854 లో వచ్చెను. అందును, బాలుడు ముందు పదునాలుగు దినములైనను చెరలో నుండితీరవలెనను నిబంధన పెట్టిరి! దానిని తీసివేయుటకు 1899 వరకు పట్టినది.

ఇక నా సంగతి. గత సంవత్సరము మా ప్రయోగశాలనుండి తొమ్మిదవ తరగతి బాలుడొకడు రాగితీగ చుట్టను తీసికొనిపోయి పాతసామాను కొట్టులో అమ్మెను. నేను వానిని కొట్టలేదు. కొట్టకపోవుటచే సౌమ్యుడనని తలచుకొంటిని. ‘నేను దొంగతనము చేయను’ అని వేయిసార్లు వ్రాసి తెమ్మంటిని. అది ముగియువరకు తరగతిలోనికి రావలదంటిని. మూడు దినములు వరండాలో కూర్చుండి వ్రాసెను. నాలుగవ దినమున రాలేదు. ఎందుకని నేనడుగలేదు. పదివేల చుట్ల లెక్క చదివిన రాత్రి నా వేయి నాకు జ్ఞాపకము వచ్చెను.

బడి తెరవకమునుపే వాని యిల్లు వెదకికొని పోతిని. తల్లి గడపలో నిలిచి, “మళ్లీ ఏం చేశాడు బాబూ?” అని యడిగెను. వాడు బజారులో మోటారు సైకిళ్లు బాగుచేయు షెడ్డులో నుండెను. నన్ను చూచి చేతులు తుడుచుకొని లేచి నిలిచెను. ఏమి పలుకరింపవలెనో నాకు తోచలేదు. “అన్నం తిన్నావా?” అంటిని. తల యూపి, కొంతసేపటికి, “ఇంకా ఆరువందలు మిగిలాయి మాస్టారూ. కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి, తెమ్మంటారా?” అనెను.

అక్కరలేదంటిని. బడి తెరిచిననాడు రమ్మంటిని. వాడు యజమానివంక చూచెను. తల్లికి కొంత సొమ్ము ముందుగా ఇచ్చితిననియు, అది తీరువరకు కుఱ్ఱవానిని పంపజాలననియు అతడు చెప్పెను. ఎంతయని అడిగి, అతని ప్రక్కనున్న బల్లమీద కూర్చుంటిని.