వేసవిలో మెట్టెలు

వేసవి వచ్చిందంటే మా సేలంలో రెండింటి బేరం జోరుగా సాగుతుంది. ఒకటి మామిడిపండు, రెండవది వెండి. వైశాఖ ముహూర్తాలకు మెట్టెలూ, కాలిపట్టీలూ కొనవచ్చే జనంతో సెవ్వాయ్‌పేట వీధులు కిటకిటలాడుతూ వుంటవి. ఈ మధ్య ఆ అంగళ్ళకు మరొక రకం బేరగాళ్ళు కూడా వస్తున్నారు. వారు కాలేజీ పిల్లలు. ఎండలకు బూట్లు విడిచి చెప్పులు తొడుగుతారు గనుక వేళ్ళు నలుగురికీ కనబడతవి. కనబడే వేలికి ఒక సింగారం వుండాలట! వారికి మెట్టె పెళ్ళి గుర్తు కాదు, వేసవి నగ.

మనవారు ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఈ చిన్న నగకు అక్కడొక పేరు సిద్ధంగా వున్నది. అరవవారికిది మెట్టి, కన్నడిగులకు కాలుంగుర, మహారాష్ట్రులకు జోడవి, ఒరియావారికి ఝుంటియా. పేరేదయినా వేలు రెండవది, లోహం వెండి. బంగారం లక్ష్మి గనుక కాలికి తగలరాదని పెద్దల మాట. పెండ్లిలో మనం సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడుగుతాము. అరవవారు అమ్మి తొక్కిస్తారు. ఆ పిమ్మట ఉభయులమూ ఆకాశం వంక చూచి అరుంధతిని వెదకుతాము.

పోయిన వేసవిలో మా అమ్మాయి కూడా ఈ నగ కావాలన్నది. దానికింకా పెండ్లి కాలేదు. ఇరుగుపొరుగువారు ఏమనుకుంటారో అని నేను ఆలోచిస్తూ వుండగా మా అత్తగారే తీర్పు చెప్పినారు. "రెండో వేలు రేపు వచ్చేవాడి కోసం వదిలెయ్యవే. పక్క వేలికి పెట్టుకో, ఎవరడిగినా నాయనమ్మ పెట్టుకోమన్నదని చెప్పు" అన్నారు. తగవు తీరిపోయింది. ఆఫీసు వదిలిన తరువాత ఇద్దరమూ అంగడికి వెళ్ళినాము.

సాయంకాలం వెళ్ళడంలో ఒక లాభమున్నది. ఎండవేళ తిరిగిన పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతవి. అప్పుడు సరిపోయిన మెట్టె ఎప్పుడైనా సరిపోతుంది. ఉదయం చల్లని పూట బిగువుగా చూచి కొన్నది మధ్యాహ్నానికి వేలిని నొక్కుతుంది. రెండవ సంగతి లోహం. జర్మన్ సిల్వర్ అని అమ్మేదానిలో వెండి బొత్తిగా వుండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. నికెల్ పడని వారికి చెమటతో కలిసినప్పుడు దురదా, దద్దుర్లూ వస్తవి. మన దేశంలో వెండికి హాల్‌మార్కు వేయడం 2005లో ప్రారంభమైనది. 925 అన్న అంకె వుంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. మిగిలినది సాధారణంగా రాగి. మంచి వెండి కూడా గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడుతుంది. విభూతితో రుద్దితే మళ్ళీ తెల్లబడుతుంది. అందుకు భయపడ నక్కరలేదు.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, మెట్టె తీరు. చుట్టూ మూసిన మెట్టె వున్నది, అడుగున చీలిక వుండి కావలసినట్టు విప్పుకొనే మెట్టె వున్నది. మా అమ్మాయి చీలిక మెట్టె, సన్నని పువ్వు చెక్కినది, ఎంచుకున్నది. చీలిక అంచులు బాగా ఆకురాయి పట్టినవో లేవో వేలితో తడిమి చూచింది. చీర కుచ్చిళ్ళకు తగులుకొనే మువ్వలు వద్దన్నది. చిన్నదానికి ఇంత ఆలోచన వున్నదే అని నాకు ముచ్చటైనది.

ఆ చీలిక విలువ మాకు కత్తిరి ఎండల్లో తెలిసివచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ రోజులు. మా అత్తగారికి చాలాకాలంగా మధుమేహం. ఆమె మెట్టెలు పెండ్లినాటివి, మూసినవి, బరువైనవి. ఒకనాడు కాళ్ళు కడుగుతూ వుండగా మెట్టె కింద పుండు కనబడింది. ఆమెకు నొప్పి తెలియనే లేదు. ఈ జబ్బు ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుందనీ, పుండు పెరిగితే వేలికే మోసమనీ, మెట్టెలు వెంటనే కోయించాలనీ డాక్టరు చెప్పినారు.

ఆమె ఒప్పుకోలేదు. "ఆయన రాయిలా కూర్చుని వుండగా నా మెట్టెలు కోస్తారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరకు మామగారే పడక్కుర్చీలో నుంచి లేచి వచ్చి, "నా ఆయువు నీ కాలివేలికి కట్టి వున్నదని ఎవరు చెప్పారే? నీకు కాలు లేకపోతే నాకు కాఫీ ఎవరు ఇస్తారు?" అన్నారు. ఆమె ఏడుస్తూనే నవ్వినారు. ఆచారి వచ్చి చిన్న కత్తెరతో రెండూ కోసినాడు. పుండు మానడానికి నెలన్నర పట్టింది. మానిన పిమ్మట మా అమ్మాయి తన మెట్టెల జత తీసి, చీలిక వదులు చేసి, నాయనమ్మ వేళ్ళకు తొడిగింది. ఇప్పుడు ఆమె పగలు పెట్టుకుంటారు, రాత్రి పడుకొనే ముందు తీసి కుంకుమభరిణె పక్కన పెట్టి, వేళ్ళసందులు తుడుచుకుంటారు.

ఆమె భయాన్ని నేను తేలికగా చూడను. భర్త పోయిన ఆడదాని మెట్టెలు పదిమందిలో తీయించే ఆచారం చూచి పెరిగిన మనిషి ఆమె. మెట్టె తీయడమంటే ఆ దృశ్యమే కళ్ళకు కడుతుంది. 2022 మే నెలలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామంవారు ఇటువంటి ఆచారాలు తమ ఊరిలో వుండరాదని తీర్మానించారు. గాజులు పగులగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రమూ మెట్టెలూ తీయించడం ఆ తీర్మానంలో వున్నవి. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం తక్కిన పంచాయతీలను కూడా ఆ దారి పట్టమన్నది. ఆ వార్త చదివి వినిపించగా మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ వుండగా వచ్చివుంటే బాగుండేది" అన్నారు.

పెట్టుకోవడమూ తీయడమూ తొడుక్కున్న మనిషి చేతిలో వుండాలని ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళమూ ఒక మాట మీద వున్నాము. సోదరీమణులు ఈ వేసవిలో మెట్టెలు కొనదలిస్తే చీలిక వున్నవే కొనండి. ఇంట్లో మధుమేహమున్న పెద్దవారుంటే, ఈ పూటే వారి కాళ్ళకు నీళ్ళిచ్చి, మెట్టె కాస్త జరిపి, కింద చర్మం ఎట్లా వున్నదో మీ కళ్ళతో చూడండి. వారికి నొప్పి తెలియకపోవచ్చును.