పదునాఱవ త్రాడు

జాతర యనగా పురుషులకు బజారు, పిల్లలకు రంగులరాట్నము, స్త్రీలకు మొక్కుబడి యని మన యూళ్లలో వాడుక. స్త్రీలు కొబ్బరికాయయు, పూలును గొనిపోయి, దేవుని దర్శించి, పిల్లలకు మిఠాయి కొనిపెట్టి, చీకటి పడకమునుపే యిల్లు చేరుదురు. అట్టి జాతరలో తామును నలుగురి యెదుట నిలిచి యొక యాట యాడవలెనన్నచో, అది తలంచినంత తేలిక గాదు. ఆట నేర్చుకొనుటలోని కష్టము కొంచెమే. అంతకు ముందు కుదుర్చుకొనవలసిన సంగతులే మెండు. ఈ యేడు తాండూరు జాతరలో జడకోలాటము ఆడవలెనని మేము చేయుచున్న యేర్పాటులలో మాకు దెలిసివచ్చిన విషయములను సోదరీమణులతో జెప్పుకొనుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది యాలాల్. తాండూరు చెంతనున్న మండలకేంద్రము. 2016 వఱకు రంగారెడ్డి జిల్లాలో నుండి, ఆ యేటనే క్రొత్తగా నేర్పడిన వికారాబాదు జిల్లాలో జేరినది. అనంతగిరి కొండల ప్రాంతమున బుట్టిన కాగ్నానది మా సీమగుండ బాఱి, కర్ణాటకమున భీమానదిలో గలయును. మా ప్రాంతమున నేలపైన కంది, నేలక్రింద నాపరాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. మాలో సగముమంది కందిచేలలో పనిచేయువారు. కొందఱు నాపరాళ్లకు నునుపు పెట్టు చోట్లకు కూలికి బోవుదురు. తక్కినవారు ఇంటిపట్టున పాడియు, కుట్టుపనియు జూచుకొందురు. కర్ణాటకపు సరిహద్దు దగ్గఱ గనుక సేడము, చించోళి ప్రక్కలనుండి కోడండ్రై వచ్చినవారును మాలో నున్నారు. వారు 'కోలాట' యందురు, మేము 'కోలాటము' అందుము. కోల మాత్ర మొక్కటే.

తాండూరులో శ్రీ భావిగి భద్రేశ్వరస్వామి జాతర యేటేట జరుగును. రథోత్సవమునకు తెలుగువారును, కన్నడమువారును వేలకొలదిగా వత్తురు. ఆ దినములలో నొక సాయంకాలము మేము ఆడవలెనని సంకల్పము. కోలాటము నిన్నమొన్నటిది గాదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళిలో, కోలలతో నాడు నాట్యమును దండరాసకమను పేర వర్ణించియున్నాడు. ఏడువందల యేండ్లకు మించిన యాట మన చేతులలో నింకను నిలిచియున్నది.

హైదరాబాదున జదువుకొనుచున్న మా యూరి చిన్నది యొకతె సెలవులకు వచ్చినప్పుడు ఒక వింత చెప్పినది. అమెరికా దేశమున, పోయిన కాలమును మరల కట్టుకొను సంతలు గలవట. 1963లో లాస్ ఏంజిల్స్ నగర సమీపమున ఫిలిస్ పాటర్సన్ అను నుపాధ్యాయిని తన భర్తతో గూడి, నాలుగువందల యేండ్ల క్రిందటి ఇంగ్లండు తిరునాళ్లను బోలిన రినైజాన్సు సంతను నడిపినది. దానిని జూచి ఆ దేశమున బెక్కుచోట్ల అట్టి సంతలు వెలసినవి. జనులు పూర్వకాలపు దుస్తులు గుట్టించుకొని వచ్చి, పాత పాటలు పాడుదురు, పాత వాద్యములు మ్రోయింతురు. మన జాతరలను అట్లు మరల కట్టుకొనవలసిన పని లేదు, అవి తెగిపోలేదు. తెగిపోవుచున్నవి జాతరలోని పాటలు మాత్రమే.

ఆ సంతలలో మెడకు దారము గట్టి యమ్ము మట్టి పిల్లనగ్రోవి యొకటి గలదు. దాని పేరు ఒకరీనా. అది మన పిల్లనగ్రోవివలె పొడవుగా నుండదు, బాతువలె గుండ్రని పొట్టతో నుండును. ఇటలీ దేశమున బొలోన్యా నగరము చెంత బుద్రియో యను నూరిలో, జుసెప్పె డొనాటి యను 17 ఏండ్ల కుఱ్ఱవాడు 1853లో దానిని స్వరములు సరిగా పలుకునట్లు తీర్చిదిద్దెను. ఆ ప్రాంతపు మాటలో ఒకరీనా యనగా చిన్నబాతు. ఒక్క ఒకరీనాలో పలుకు స్వరములు కొద్ది. అందుచేత ఆ యూరివారు చిన్నవి మొదలు పెద్దవి వఱకు వేఱువేఱు పరిమాణములలో జేసి, ఏడుగురు గూడి వాయించు పద్ధతి నేర్పఱచుకొనిరి. చిన్నది హెచ్చుస్వరము పలుకును, పెద్దది తగ్గుస్వరము పలుకును. పాట యంతయు ఏ యొక్కరి చేతిలోను లేదు. ఏడుగురిలో నొకరు రాకున్నచో పాటలో నంతమేర చిల్లి పడును. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. "నాకు ఒక్క అడుగే వచ్చును, నేనెందులకు?" అని వెనుదీసిన యిద్దఱు చిన్న కోడండ్రు, ఇది విన్న మఱునాడే కోలలు పట్టుకొని వచ్చిరి.

జడకోలాటమును ఎఱుగని సోదరీమణులకు దాని తీరు కొంచెము చెప్పవలసియున్నది. పైని కట్టిన చక్రమునుండి రంగురంగుల త్రాళ్లు క్రిందికి వ్రేలాడును. ప్రతి స్త్రీయు ఒకచేత త్రాటిని, మఱొకచేత కోలను బట్టుకొనును. సగముమంది కుడివైపునకు, సగముమంది యెడమవైపునకు దిరుగుచు, ఎదురైనవారి కోలకు కోల తాకించి, ఒకరికి లోపలిగా, మఱొకరికి వెలుపలిగా సాగిపోవలెను. అట్లు సాగినకొలది పైని త్రాళ్లు జడవలె అల్లుకొనును. తరువాత వచ్చిన దారినే వెనుకకు నడచినచో జడ విడివడును. మామూలు కోలాటమున తప్పు జరిగినచో ఆ చప్పుడుతో బోవును. జడకోలాటమున తప్పు త్రాటిలో నిలిచియుండును. ఒక్కరి తప్పుటడుగునకు అందఱును వెనుకకు నడువవలెను. సంఖ్య సరిగా నుండవలెను, బేసియైనచో ఒకరికి ఎదురు లేకపోవును.

మా రెండు పొదుపు సంఘములనుండి కూడినవారము 15 మందిమి. వడ్రంగిచే 16 కొక్కెముల చక్రము చేయించితిమి. ముర పొడవు కోలలను, బాగుగా నెండిన కఱ్ఱతో దీయించితిమి. పచ్చికఱ్ఱ మ్రోగదు, చప్పబడును. అభ్యాసమునకు వేళ కుదురుట అన్నిటికన్న కష్టమైనది. కందికోతలు ముగియువఱకు ఆ మాటయే యెత్తలేదు. తరువాత గూడ, కూలికి బోయి వచ్చినవారు వంట ముగించి, పిల్లలకు బెట్టి, గిన్నెలు తోమిన పిదప వచ్చు వేళయే అందఱి వేళయని నిర్ణయించితిమి. తీరిక గలవారి వేళకు తీరిక లేనివారు రాలేరు, తీరిక లేనివారి వేళకు తీరిక గలవారు రాగలరు. చీరల విషయమున కొందఱు ఒకే రంగు చీరలు కొందమనిరి. ఆ ఖర్చు దినకూలి చేయువారికి భారమని, ఎవరి చీర వారు కట్టుకొనుటయు, త్రాళ్లకు మాత్రమే క్రొత్త రంగులు వేయుటయు నిశ్చయమైనది. జాతరలో పెద్ద ధ్వనిపెట్టెల హోరున కోలల చప్పుడు వినబడదు. కావున వానికి దూరముగా చోటు చూచుకొని, పాడువారికి మాత్రము ఒక్క మైకు పెట్టుకొనవలెనని యనుకొంటిమి.

ఇవన్నియు మాటలతోనే తేలిపోయినవి. తేలనిది పదునాఱవ మనిషి విషయము.

మా వాడలో నొక యవ్వ గలదు. ఆమెకు చదువు రాదు. కోలాటపు పాటలు మాత్రము ఎన్నో కంఠస్థము, తెలుగువే గాక కన్నడపువియు. మాలో సగముమందికి కోల పట్టుట నేర్పినదియు ఆమెయే. ఆమె పెనిమిటి పోయి పది యేండ్లయినది. పదునాఱవ త్రాడు ఆమెదే కావలెనని మేము కొందఱ మనుకొంటిమి. పెద్దలలో నిద్దఱు ఒప్పుకొనలేదు. "ఆమె పాడనీయుడు, మైకు ముందు గూర్చుండనీయుడు. కాని దేవుని యెదుట, ముత్తయిదువుల నడుమ త్రాడు పట్టుట తగదు" అనిరి. అనగా ఆమె గొంతు కావలెను, ఆమె చేయి వలదు. ఆ యవ్వయు, "నాకు పాట సాలు బిడ్డా. నా వల్ల మీ ఆట ఆగొద్దు" అన్నది. దానిని ఆమె సమ్మతిగా దీసికొనుటకు మాకు మనసొప్పలేదు. పది యేండ్లుగా పేరంటములలో వెనుకవరుసన గూర్చుండినవారికి, అడుగకమునుపే తప్పుకొనుట అలవాటగును. అలవాటు వేఱు, ఇష్టము వేఱు.

వితంతువుల పునర్వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించిరి. నూటనలువది యేండ్లు దాటిపోయినవి. పెండ్లికి అడ్డు తొలగినది గాని, పసుపుకుంకుమల పళ్లెము మాత్రము ఎన్నో యిండ్లలో నింకను ఆమెను దాటియే పోవుచున్నది. చట్టము పెండ్లిపందిరి వఱకు రాగలదు, కోలాటపు వరుసలో చోటు చేయవలసినవారము మనమే.

చించోళి ప్రక్కనుండి వచ్చిన మా చెల్లె యొకతె తన పుట్టినింటి మాట యొకటి చెప్పినది. వారు బసవేశ్వరుని గొలుచువారు. 12వ శతాబ్దమున కళ్యాణపట్టణమున బసవేశ్వరుడును, ఆయనతోడి శరణులును బోధించిన మార్గమున పురుడు, చావు, ముట్టు, ఎంగిలి, కులము అను నైదింటి మైలలను పాటింపరాదు. "చచ్చిన దినమే మైల లేదని మా పెద్దలు చెప్పిరి. పది యేండ్ల క్రింది చావునకు ఈ యవ్వకు మైల యెక్కడిది?" అని ఆమె యడిగెను. ఎవరును బదులు పలుకలేదు.

ఒప్పుకొనని యిద్దఱును కఠినులు గారు. అందొకామె కోడలు నెలతప్పినది, ఆ కోడలును మా జట్టులోనిదే. ఏదైన కీడు జరిగినచో ఈ పాపము తనదగునని ఆమె భయము. భయమును వెక్కిరించుట వలన లాభము లేదు. అందుచేత వాదము విడిచి, ఆ వారము 15 మందితోనే అభ్యాసము మొదలుపెట్టితిమి. చక్రమునకు 16 త్రాళ్లు గట్టియుండెను. పదునాఱవది పట్టువారు లేక నడుమ వ్రేలాడుచు, తిరుగువారి భుజములకు దగులుకొనుచు, జడ యల్లుకొనినచోటనెల్ల ముడిపడుచుండెను. మూడుమాఱులు వెనుకకు నడచితిమి. అవ్వ గట్టుమీద గూర్చుండి పాడుచునే యున్నది. నాలుగవమాఱు ఆ కోడలి అత్తయే నిలిచిపోయి, "ఈ త్రాడు ఇట్ల వ్రేలాడుతుంటే చూసుడే అశుభం. రా అవ్వా, నువ్వే పట్టు" అన్నది. అవ్వ లేచి వచ్చుటకు చాలసేపు పట్టినది. ఆ రాత్రి జడ చక్కగా నల్లుకొని, చక్కగా విడివడినది.

రెండవ యామె మాత్రము మారలేదు. తనకు మనసొప్పదని సూటిగా జెప్పి, తన త్రాటిని విడిచిపెట్టినది. మేము బలవంతము చేయలేదు, ఆమెయు మమ్ము వారింపలేదు. తాళము వేయుటయు, మా పసిపిల్లలను జూచుకొనుటయు తన వంతుగా దీసికొన్నది. ఆమె విడిచిన త్రాటిని హైదరాబాదు చిన్నది పట్టుకొన్నది. ఆమె సెలవు దినములలోనే రాగలదు. తక్కిన దినములలో ఆ త్రాటిని చక్రమునకు ముడిచి, ఎదురు లేని యామె ఎవరికి ఎదురుగా నడువవలెనో చెప్పుకొని సరిపెట్టుకొనుచున్నాము. జాతరనాడు రెండవ యామె మాతో నడుమ నిలుచునో లేదో యిప్పుడే చెప్పలేము. ఆమె వేయు తాళము మాత్రము తప్పదు. పదియాఱు కోలలును దానికే కట్టుపడి నడచుచున్నవి.

ఇట్టి యాటను తలపెట్టు సోదరీమణులకు మా యనుభవమునుండి చెప్పదగినవి కొన్ని. పాటలను మూడింటికి మించి పెట్టుకొనవలదు. నెమ్మదిగా మొదలుపెట్టి, చివరి పాటలోనే వేగము హెచ్చింపవలెను. అందఱిలో నెమ్మదిగా నడచువారి యడుగే జట్టు అడుగు కావలెను. జడ అల్లుటకన్న విప్పుట యెక్కువగా సాధన చేయవలెను, ఏలయన అందఱి కన్నులును అప్పుడే త్రాళ్లపై నుండును. కోలలు రెండు మూడు హెచ్చుగా నుంచుకొనవలెను, ఆటలో విఱుగుట కలదు. అన్నిటికంటె ముందుగా జట్టులో నెవరెవరు నిలుతురో తేల్చుకొనవలెను. ఆ ప్రశ్నను దాచిపెట్టి మొదలిడినచో, అది జాతరనాడు జనుల నడుమ బయటపడును.

మీ యూళ్లలో గూడ పాటలు వచ్చిన పెద్దామె యొకతె తప్పక యుండును. ఆమెను పాడుమని యడుగుటకు ముందు, ఆమె చేతికి ఒక కోల నిచ్చి చూడుడు.