కాన్‌బెర్రా వాకిట్లో

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా వెళ్లినవాళ్లంతా పార్లమెంటు భవనం చూస్తారు. నేను ముఖ్యంగా దాని వాకిట్లోని రాతిచిత్రం కోసం వెళ్లాను. చుట్టూ నీళ్లు, నడుమ 196 చదరపు మీటర్ల మొజాయిక్. వంగి చూస్తే ఎర్రవి, నల్లవి, తెల్లవి, చేత్తో కొట్టిన చిన్న చిన్న గ్రానైటు ముక్కలు. దాదాపు 90 వేలు! కంగారూ, వాలబీ, ఉడుము పూర్వీకుల సంతతివారు క్రతువు కోసం నలుదిక్కుల నుంచీ వచ్చి ఒకచోట చేరడమే అందులోని కథ.

దాన్ని రూపొందించింది ఆబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) చిత్రకారుడు, వార్ల్‌పిరి తెగవాడైన మైకేల్ నెల్సన్ జగమారా. 1988లో భవనం తెరిచారు. 1993లో ఆయనే ఉలీ సుత్తీ పట్టుకొని మళ్లీ ఇక్కడికి వచ్చారు. తమవాళ్ల భూమి హక్కుల విషయంలో ప్రభుత్వ ధోరణికి నిరసనగా, తన చిత్రంలోని నడిమి రాయిని పెకలించారు. ఆ సంగతి తెలిశాక నాకు ఆ చిత్రం పూర్వీకులు రాసిచ్చిన పట్టాలా కనిపించింది.

అదే ఊళ్లోని నేషనల్ గ్యాలరీలో 200 బోలు దుంగల మధ్య చాలాసేపు ఉండిపోయాను. చనిపోయినవారి ఎముకలు దాచే దుంగలవి. వలసవాసులు వచ్చి 200 ఏళ్లయిందని 1988లో దేశం పండుగ చేసుకుంటుంటే, ఉత్తరాన ఉన్న రామింగినింగ్ ప్రాంతపు ఆబోరిజినల్ కళాకారులు ఆ 200 ఏళ్లలో ఒక్కో ఏడాదికి గుర్తుగా ఒక్కోటి చొప్పున వీటిని చిత్రించి నిలబెట్టారు. వాళ్లలో డేవిడ్ మలంగి ఒకరు. చెట్టుబెరడు మీద ఆయన గీసిన చిత్రాన్ని 1966 నాటి ఒక డాలరు నోటు మీద అచ్చేశారు, ఆయన్ను ఒక్క మాటైనా అడగకుండా! ఊరూరా జనం జేబుల్లో ఆ బొమ్మ తిరిగింది. తర్వాత ఆయనకు ముట్టింది వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను.

ఇప్పుడు ఈ కళ విమానాల మీద ఉంది, ఫుట్‌బాల్ జెర్సీల మీద ఉంది. చిత్రం మళ్లీ అమ్ముడైతే కళాకారుడికి 5 శాతం దక్కేలా 2010 నుంచి చట్టం కూడా అమలవుతోంది. అయినా ఆబోరిజినల్ శైలి జ్ఞాపికల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి పైగా నకిలీ సరుకుకే పోతోందని 2022లో ప్రభుత్వ ఉత్పాదకతా కమిషన్ తేల్చింది.

సిడ్నీకో మెల్‌బోర్న్‌కో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లకు ఒక మనవి. బూమరాంగ్ కొన్నా, కండువా కొన్నా, దాని మీద చిత్రకారుడి పేరు, ఊరు ఉన్నాయేమో చూడండి. లేకపోతే దుకాణంలో అడగండి. వాళ్లూ చెప్పలేకపోతే కొనకండి.