ఎండలో బతుకమ్మ

అరిజోనాలోని చాండ్లర్‌లో శరత్తు వచ్చిందని చెట్టు చెప్పదు, గాలీ చెప్పదు. దుకాణాలు చెబుతాయి. బయట పార్కింగులో తారు మెత్తబడుతుంటే, లోపల ప్లాస్టిక్ అస్థిపంజరాలూ గుమ్మడికాయ బొమ్మలూ వరసగా అమ్మకానికి నిలబడతాయి. ఇక్కడ ఋతువు పండుగలను తీసుకురాదు, పండుగలే ఋతువును లాక్కొస్తాయి.

2024లో మరీ అన్యాయం జరిగింది. సెప్టెంబర్ 24 నుంచి అక్టోబర్ 14 దాకా, వరసగా 21 రోజులు, పక్కనున్న ఫీనిక్స్‌లో ఎండ ఏ రోజుకారోజు పాత రికార్డును అందుకోవడమో దాటడమో చేసింది. ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 2న, సద్దుల బతుకమ్మ 10న. రెండూ ఆ మంటలోనే పడ్డాయి. పట్టుచీరలు కట్టుకున్నవాళ్లు పొద్దు గూకేదాకా ఏసీ కింద కూర్చుని, చీకటి పడ్డాక పెరట్లోకి వచ్చి ఆడారు. బతుకమ్మను వదలడానికి చెరువు లేదు గానీ ఈ ఊళ్లో పెరట్లో ఈతకొలను ఉన్న ఇళ్లకు కొదవలేదు. అందులో పూలు వేస్తే ఫిల్టరు మూసుకుపోతుందని ఇంటాయన గోల. చివరికి పిల్లలు జలకాలాడే ప్లాస్టిక్ తొట్టిలోంచే గౌరమ్మను సాగనంపారు.

అన్నిటికన్నా పెద్ద పేచీ పూలతో. తంగేడు దొరకదు. విచిత్రమేమిటంటే దాని దాయాదులు ఈ రోడ్ల పక్కనే పెరుగుతుంటాయి. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన సెన్నా పొదలు, పూవు చూస్తే అదే పసుపు. కానీ అవి విరగబూసేది జనవరి దాటాక. అప్పుడు వాటిని చూస్తే, పెళ్లయిపోయాక సంచీతో దిగిన చుట్టాన్ని చూసినట్టుంటుంది. అందుకని అక్టోబర్‌లో పసుపుకు టెకోమా పూలు, గునుగు స్థానంలో ఊదారంగు టెక్సాస్ సేజ్. వరంగల్ నుంచి అత్తమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఇదేం బతుకమ్మనే!" అంటే ఇక్కడి కోడళ్లు ఫోను పక్కకు తిప్పుతారు.

బంతికి మాత్రం కరువు లేదు. నవంబర్ 1, 2 తేదీల్లో మెక్సికన్ కుటుంబాలు చనిపోయిన తమవాళ్లను ఇంటికి పిలుచుకుంటాయి. ఫొటోలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి, దారి తెలియడానికి బంతిరేకులు పరుస్తారు. పెత్రమాస పొద్దున పెద్దలకు బియ్యమిచ్చి, సాయంత్రం బతుకమ్మ పేర్చే తెలంగాణవాళ్లకు ఈ పండుగను విడమరచి చెప్పక్కర్లేదు. బంతి పుట్టిల్లు కూడా మెక్సికోయే. గుమ్మడీ అమెరికా ఖండాల పంటే. అంటే సిబ్బిలో పరిచే గుమ్మడాకు, గౌరమ్మగా నిలిపే గుమ్మడి పువ్వు, గుమ్మానికి కట్టే బంతిదండ, అన్నీ ఒకప్పుడు ఇటునుంచి అటు వెళ్లినవే. అసలు సిసలు మనది తంగేడు. అదే ఇక్కడ దొరకదు!

ఆ ఏడాదే దీపావళీ హాలోవీనూ ఒకే సాయంత్రం, అక్టోబర్ 31న కలిసొచ్చాయి. గుమ్మంలో ప్రమిదలు, ప్రమిదల మధ్య దయ్యాలు. చాక్లెట్ల బుట్టలో మైసూర్‌పాక్ కూడా వేద్దామని ఉబలాటపడ్డ ఇల్లాళ్లను, విడి తినుబండారాలు ఇక్కడి తల్లిదండ్రులు పారేస్తారని పిల్లలే ఆపారు. టపాకాయల విషయంలో అరిజోనా మనపై దయ చూపింది. బాణసంచా అమ్మకాలకూ వాడకానికీ అనుమతించే రోజుల్లో దీపావళిని పేరు పెట్టి రాష్ట్ర చట్టంలోనే చేర్చారు. కాకపోతే నేల విడవకూడదు. కాకరపువ్వొత్తి, చిచ్చుబుడ్డి, భూచక్రం సరే, తారాజువ్వ కూడదు, సీమటపాకాయ అసలే కూడదు. నరకాసురుడు నిశ్శబ్దంగా చావాలి.

నవంబర్ మొదటి ఆదివారం దేశంలో చాలా భాగం గడియారాలు వెనక్కి తిప్పుకుంటుంది. ఆదివాసుల నవాహో నేషన్ తప్ప మిగతా అరిజోనా 1968 నుంచి ఆ జోలికి పోదు. ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాది పొడుగునా అదే పన్నెండున్నర గంటల తేడా. న్యూజెర్సీ బంధువుల ముందు గొప్పలు పోవడానికి మాకున్న కారణాల్లో ఇదొకటి.

కార్తీకంలో వనభోజనాలకు వెటరన్స్ ఒయాసిస్ పార్కుకు వెళతారు. శుద్ధి చేసిన మురుగునీటిని భూమిలోకి ఇంకించే చెరువులు, చుట్టూ మెస్కీట్ చెట్లు. ఉసిరిచెట్టు లేదు కాబట్టి ఫ్రీజర్‌లోని ఉసిరికాయల పొట్లం తెచ్చి మెస్కీట్ మొదట్లో పెడతారు. పుణ్యంలో కోత పడదనే నా నమ్మకం. 2024లో థాంక్స్‌గివింగ్ కూడా కార్తీకం వెళ్లకముందే, నవంబర్ 28న వచ్చింది. బల్ల మధ్య టర్కీ కోడి, ఒక మూల మా పులిహోర. పిలిచినవాళ్లు రెండోసారి వడ్డించుకున్నది మా గిన్నెలోంచే.

డిసెంబర్ మొదట్లో ఊరి నడిబొడ్డున చెట్టు వెలిగిస్తారు. చెట్టంటే చెట్టు కాదు. ఎడారిలో గాలికి దొర్లే ముళ్లకంపలు, టంబుల్‌వీడ్‌లు, సుమారు వెయ్యి ఏరుకొచ్చి, చట్రానికి గుచ్చి, తెల్లరంగు కొట్టి, నిప్పంటకుండా మందు చల్లి, మెరుపుపొడి అద్ది నిలబెడతారు. 1957 నుంచీ ఇదే ఆనవాయితీ. ఆ కంప కూడా ఈ నేలది కాదు. 1870లలో రష్యా నుంచి వలస వచ్చినవాళ్ల అవిసె గింజల్లో కలిసి దక్షిణ డకోటాలో దిగిన కలుపు. మనవాళ్లు పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని దాని ముందు సెల్ఫీలు దిగుతారు. పెట్టెలోంచి స్వెట్టర్లు తీసేదీ ఆ రోజే.