మూసీయొడ్డున బురద

పుష్యమాసమున హైదరాబాదునందు వానలు కురియుట యరుదు. కురిసినచో మాత్రము పాతబస్తీ సందులలో నడచుట యొక విద్య. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి రెండుదినములు విడువక ముసురుపట్టెను. మూఁడవనాఁటి యుదయమున మేమును మా మిత్రుఁడొకఁడును చార్మినారునుండి బయలుదేరి, పత్తర్‌గట్టీమీఁదుగా నయాపూలు చేరి, యచ్చటనుండి నదివెంబడి తూర్పుగా నడచితిమి. మిత్రుఁడు క్రొత్తచెప్పులు తొడిగికొని వచ్చెను. వలదంటిమి, వినలేదు.

వంతెనమీఁద నిలిచిన నావలియొడ్డున ఉస్మానియా యాసుపత్రి కానవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీనాఁటి వఱదలో, ఆ యావరణమందలి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. మరణించినవారు వేలకొలఁది. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూఁతురిని ఆ వఱదలోనే పోఁగొట్టుకొనెను. మఱుసటియేఁట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి యుపాయ మడిగిరి. ఎగువను 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నగరమునకుఁ ద్రాగునీరు దొరకినది, వఱదభయము తగ్గినది. తగ్గినదే గాని పోలేదు. 2025 సెప్టెంబరు తుదివారమున జలాశయముల తలుపు లెత్తినప్పుడు మహాత్మాగాంధి బస్సుస్టేషనులోనికి నీరు చొచ్చెను.

ఇంతవఱకు పుస్తకములలోని కథ. తరువాతికథ మా కాళ్లక్రింద మెత్తగాఁ దగులుచుండెను. మంచినీ రెగువనే నిలిచిపోయినపిమ్మట నీ యేటిలో నేఁడాదిపొడుగునఁ బాఱున దేమి? మన స్నానపుగదులనుండి, వంటిండ్లనుండి, కార్ఖానాలనుండి వచ్చు నీరే. వేసవిలో నది నల్లగా నుండును. ఆనాఁడు వానపుణ్యమున గోధుమవన్నె దాల్చెను. కంపు మాత్రము మాఱలేదు.

చాదర్‌ఘాటు దాఁటి మూసానగరు చేరితిమి. 2024 అక్టోబరులో మూసానగరు, శంకరునగరులయందు నదీగర్భమున నున్నవని గుర్తించిన యిండ్లలోఁ గొన్నిటిని పడఁగొట్టి, యందలి కుటుంబములను రెండుగదుల యిండ్లకుఁ దరలించిరి.

“వీరే గదా నదిని పాడుచేసిరి. వీరు తొలఁగినఁగాని యిది బాగుపడదు” అని మిత్రుఁ డనెను.

“గుడిసెకు మరుగుదొడ్డి యొకటి యుండినఁ జాలును. మీ మేడలో నెన్ని యున్నవి? ఆ గొట్టము లెచ్చటికిఁ బోవునో యెన్నఁడైన విచారించితివా?” అంటిమి.

అతఁ డేమి చెప్పఁబోయెనో గాని, యింతలో నెడమకాలిచెప్పు బురదలో దిగఁబడి పైకి రాకపోయెను. మేము పట్టి లాగితిమి, వారు తెగినది. మనసులో సంతోషింపలేదని చెప్పజాలము!

కొంతదూరమున నొక స్త్రీ మోకాలిలోఁతు నీటిలో నిలిచి పచ్చగడ్డి కోయుచుండెను. మా యవస్థ చూచి, “చెప్పులు చేతుల వట్టుకో అయ్యా, గడ్డిమీదికెల్లి నడువు” అని త్రోవ చూపెను. ఆమె యక్కకుఁ గ్రొత్తయిల్లు వచ్చినదఁట. “ఇల్లు మంచిగనే ఉన్నదంట. బర్రెల నేడ గట్టాలె? గడ్డి ఏడికెల్లి తేవాలె?” అని మమ్మే యడిగెను. మాయొద్ద బదులు లేదు. ఆమె కాళ్లకు పుండ్లున్నవి. ఆ నీటిలో నిలువక గడ్డి రాదు. నదిని శుభ్రపఱుపవలె ననువార మందఱము ముం దా కాళ్లను జూచి మాటాడవలెను.

పాలెచ్చటఁ బోయుదు వని మిత్రుఁ డడిగెను. ఆమె నాలు గైదు వీథులు చెప్పెను. అందు మిత్రుని వీథి యొకటి. అతఁడు చెప్పులు రెండును చేతఁబట్టుకొని, మాఱుమాటలేక గడ్డిమీఁద నడచెను.